ఆలకింపులమ్మ మాట్లాడిన రోజు

ఎర్రబీడు దాటి తిరిగొచ్చి కథ చెప్పినవాడు లేడని వల్లికాపురంలో ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించినవాడు తన ఇంటి గడప కూడా దాటి ఉండడు గాని, ఆ ఉదయం రాజకుమారుడు ఉత్పలసేనుడికి మాత్రం అది అక్షరాలా నిజమయ్యేట్టే కనిపించింది. వెనక ఘూకనాథ మాంత్రికుడు ఉసిగొల్పిన నిప్పుకళ్ళ తోడేళ్ళు తరుముకొస్తున్నాయి. ముందు, బీడును అడ్డంగా చీల్చిన అగాధం నోరు తెరుచుకుని ఉంది. ఆగితే తోడేళ్ళ పాలు, దూకితే దేవుడి దయ. దేవుడే నయమనుకున్నాడో ఏమో, చెల్లెలు కల్హారికను ఒక చేత్తో పొదివి పట్టుకుని, "మారుతం, నీదే భారం" అని గుర్రం చెవిలో చెప్పి కళ్ళెం వదిలేశాడు.

మారుతం ఎగిరింది. ముందుకాళ్ళు అవతలి గట్టును అందుకున్నాయి. వెనక కాళ్ళు అందుకోలేదు. అయినా ఆ మంచి జీవం ఒక్క విదిలింపుతో ఇద్దరినీ గట్టు మీదికి విసిరేసి, తాను మాత్రం జారిపోయింది. తోడేళ్ళు అవతలి అంచున కాసేపు ఊళలు పెట్టి వెనక్కి మళ్ళాయి. కల్హారిక గట్టున కూలబడి, గుర్రం పడినవైపే చూస్తూ వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఏడుపుకు చప్పుడు లేదు. అది చూసి అన్న గుండె చెరువైంది.

చప్పుడు ఎందుకు లేదో ఇక్కడే చెప్పాలి. కల్హారిక గొంతును కిందటి వసంతోత్సవంలో ఘూకనాథుడు దొంగిలించాడు. పాట పాడుతున్న పిల్ల పల్లవి మధ్యలో ఆగిపోయింది, అంతే. ఆ గొంతు వాడి శంఖంలో బందీ అయింది. అంతకుముందు ఆ పిల్ల నోటికి ఒక్క క్షణం తీరిక ఉండేది కాదు. పాలు ఎందుకు పొంగుతాయి? నాన్నగారు వస్తే అందరూ ఎందుకు లేస్తారు? అన్నయ్యకు కత్తి ఇచ్చి నాకు వీణ ఎందుకిచ్చారు? పొద్దున లేస్తే ఇవే ప్రశ్నలు. అప్పట్లో ఉత్పలసేనుడు రెండు చెవులూ మూసుకుని తోటలోకి పారిపోయేవాడు. ఇప్పుడు ఆ ఒక్క ‘ఎందుకు’ మళ్ళీ వినడం కోసం ఎర్రబీడు దాటాడు.

దారిలో కనిపించిన ఒక ముని, శంఖం శ్రవణగిరి పట్టణంలో ఉందని దివ్యదృష్టితో చూసి చెప్పాడు. వెళ్ళబోతుంటే వెనక్కి పిలిచి ఇంకో మాట కూడా అన్నాడు. "దొంగిలించిన గొంతు, దొంగ చెప్పమన్నవన్నీ చెబుతుంది నాయనా. ప్రశ్న మాత్రం అడగలేదు. అడగడం దాని సొంతదారుకే చెల్లుతుంది." మునుల మాటలు అవసరం తీరాక గాని అర్థం కావని ఉత్పలసేనుడికి అనుభవం ఉంది. దండం పెట్టి బయల్దేరాడు.

బీడు చివర పగడాల రంగు కొండ, కొండ మీద శ్రవణగిరి. ప్రాకారం పొడవునా వెండి గంటలు వేలాడుతున్నాయి, గాలి వీచినప్పుడల్లా పట్టణమంతా సన్నగా మోగుతుంది. బురుజుల మీద నెమళ్ళు పురి విప్పి, కింద బజారులో పట్టుబట్టలు ఆరేసిన నేతగాళ్ళతో పందెం వేసుకుంటున్నట్టున్నాయి. కొండ గర్భంలోంచి పుట్టిన ఊట, రాతి కాలువల్లో మలుపులు తిరుగుతూ వీధివీధికీ వెళ్తుంది. వీధులకు రెండు పక్కలా పొగడచెట్లు, రాలిన పూలు తొక్కకుండా పక్కకు తప్పుకుని నడిచే జనం. ప్రతి వీధిలో ఒక ఇంటి అరుగు మాత్రం మిగతావాటికంటే నున్నగా అరిగి ఉంది. ఆ అరుగులు ఊసుపోక కబుర్లు చెప్పుకుని అరగలేదు.

అన్నాచెల్లెళ్ళు పూసలమ్మేవాళ్ళ వేషంలో కోటవాకిలి చేరారు. బీడు దుమ్మే సగం వేషం వేసింది కాబట్టి పెద్దగా కష్టపడనక్కర లేకపోయింది. ద్వారపాలకుడు ఏ ఊరని గాని, సంచిలో ఏముందని గాని అడగలేదు. మా ఊరి ధర్మాలు తెలుసా అన్నాడు. తెలియవన్నారు. "అయితే మీరేం చేసినా నేను పట్టుకోవడానికి వీల్లేదు. నాకు అదో తలనొప్పి. ముందు వెళ్ళి నేర్చుకోండి" అని పొగడల వీధిలో ఒజ్జసాని ఇంటికి దారి చూపించాడు. ఇటువంటి కాపలా ఉత్పలసేనుడు కథల్లో కూడా వినలేదు.

అక్కడ గురువును ఒజ్జ అంటారు. వీధికొక ఒజ్జ ఉండి, వీధిలో పుట్టిన ప్రతి పిల్లకూ పిల్లవాడికీ, ఊళ్ళో అడుగుపెట్టిన ప్రతి కొత్తవారికీ రాజ్యధర్మాలు అరుగు మీద కూర్చోబెట్టి నేర్పాలి. పొగడల వీధి ఒజ్జ, పోలసాని అనే అవ్వ. తల ముగ్గుబుట్ట అయింది గాని మాటలో వణుకు లేదు. ఆమె వీళ్ళను చూడగానే పాఠం ఎత్తుకోలేదు. కల్హారిక ఎండిన పెదాలు చూసి, లోపలికి వెళ్ళి కడవ ఎత్తుకొచ్చి దోసిట్లో నీళ్ళు పోసింది. పిల్ల ఆత్రంగా తాగుతుంటే తల నిమురుతూ, "మెల్లిగా తల్లీ, పొలమారుతుంది" అంది. ఎదురింటి కిటికీ తలుపు ధడాలున మూసుకుంది. అవ్వ అటు చూడను కూడా చూడలేదు.

తరవాత పాఠం. శ్రవణగిరిలో ధర్మానికి రెండు సగాలు. ఏం చెయ్యాలన్నది ఒక సగం, ఎందుకు చెయ్యాలన్నది రెండో సగం. రాజు కొత్త ధర్మం ఏర్పరిస్తే, కొండ మీది దేవత ఆలకింపులమ్మ ఎదుట నిలబడి రెండు సగాలూ చెప్పాలి. దాన్ని ఒజ్జలు అరుగుల మీద నేర్పాలి. అర్థమైనవాళ్ళు కుడిచెవి తమ్మె పట్టుకుంటారు. విన్నాను, కట్టుబడ్డాను అని దానికి అర్థం. అర్థం కానివాళ్ళు చెవి వెనక అరచెయ్యి డొప్పలా పెడతారు. ఇంకా వినలేదు, ఎందుకో చెప్పండి అని దానికి అర్థం. ఒక్క చెయ్యి అలా నిలిచి ఉన్నంతవరకు ఆ ధర్మం ఎవరికీ అంటదు. ఆ చెయ్యి పరదేశిదైనా సరే, బిచ్చగాడిదైనా సరే.

"దేవత ఎదుట నిలబడి ఎందుకని అడిగితే తప్పు కాదా అవ్వా?" అన్నాడు ఉత్పలసేనుడు.

"అడగందే అమ్మయినా పెట్టదంటారు కదయ్యా. అన్నం సంగతే అలా ఉంటే ఇక ధర్మం సంగతి చెప్పాలా? మా అమ్మకి శిల్పి నోరు చెక్కలేదు, చెవులే చెక్కాడు. ఆవిడ వినడానికే ఉంది."

కల్హారికకు ఈ ఊరు తెగ నచ్చేసింది. ఎందుకని అడగడమే ధర్మమైన ఊళ్ళో తానెందుకు పుట్టలేదో అన్నట్టు మెరిసే కళ్ళతో, చెవి వెనక చెయ్యి పెట్టి చూపించింది. వసంతోత్సవం తరవాత ఆమె నవ్వడం అదే మొదలు. ఏమడుగుతావు తల్లీ అని అవ్వ అంటే, గొంతు మీద వేలు పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. పోలసాని పిల్లను దగ్గరికి తీసుకుని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. అంతఃపురంలో ఎందరు వైద్యులు చూసినా కలగని ఊరట కల్హారికకు ఆ ముతకచీర వాసనలో కలిగింది. అన్న మొహం పక్కకు తిప్పుకున్నాడు, కళ్ళు తడిశాయని ఒప్పుకోవడం వీరులకు కష్టం.

అప్పుడు అవ్వ ఊరికి పట్టిన చీడ గురించి చెప్పింది. వానలకు ముందు ఒక మౌనయోగి వచ్చి గుళ్ళో మకాం పెట్టాడు. ఆయన నోరు విప్పడు. ఆయన వచ్చిన కొన్నాళ్ళకు ఆలకింపులమ్మ మాట్లాడింది. ముత్తాతల నాటినుంచి ఒక్కసారి పలకవమ్మా అని మొక్కుకున్న జనం కదా, పరవశించి కాళ్ళమీద పడ్డారు. పుట్టినప్పటినుంచి వినడం నేర్చినవాళ్ళు కాబట్టి చెవులప్పగించి విన్నారు. అడగడం మాత్రం మరిచారు. అమ్మను ఎవరు అడుగుతారు? అలా మొదటి సగం మాత్రమే ఉన్న ధర్మాలు ఒకటొకటిగా వచ్చిపడ్డాయి. ఇళ్ళ దీపాల నూనె గుడికి పోయాలట. అరుగు పాఠాలు ఆపాలట. కొండ ఊట అమ్మదట, పరదేశికి చుక్క పొయ్యకూడదట. మిగతా ఒజ్జలంతా అరుగులు కడుక్కుని లోపలికి వెళ్ళిపోయారు.

"నాకే ఎందుకో తెలియంది పిల్లలకి ఎలా చెప్పను నాయనా? నేను చెవి పట్టుకోలేదు" అంది పోలసాని.

ఉత్పలసేనుడి చూపు కడవ మీద పడింది. పరదేశికి చుక్క పొయ్యకూడదు. అంటే ఇందాకటి దోసిళ్ళు? అతని మొహం చూసి అవ్వ నవ్వింది. "దాహానికి ఎందుకూ ఏమిటీ ఉండవయ్యా" అంది. ఆ మాట పూర్తయ్యేసరికి వీధి చివర కత్తుల చప్పుడు, కొండ మీద పెద్దగంట మోత ఒకేసారి వినిపించాయి. భటులు వచ్చి అవ్వను లేవదీశారు. వాళ్ళలో ఒకడు ఆ అరుగు మీద చదువుకున్నవాడేమో, తల ఎత్తకుండానే చెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు.

ఊరంతా గుడికి కదిలింది. అన్నాచెల్లెళ్ళు జనంలో కలిసి మెట్లెక్కారు. నల్లరాతి స్తంభాల మధ్య, నిండు మేఘంలాంటి దేవత. అరమోడ్పు కళ్ళు, భుజాల దాకా జారిన పెద్ద చెవులు, వాటికి భక్తులు తగిలించిన ముత్యాల లోలాకులు. ముక్కు కింద నోరు ఉండాల్సిన చోట నున్నని శిల. విగ్రహం వెనక గోడ లేదు, వసారా ఉంది. వసారా అంచుకు ఒక దూలం, దూలానికి గిలక. దాని కింద కొండ నిలువుగా తెగి, ఎంతో లోతున మొసళ్ళ మడుగు నల్లగా మెరుస్తోంది. గిలక తాడుకు వెదురుబుట్ట కట్టి, పోలసానిని అందులో కూర్చోబెట్టారు.

దేవత పక్కన బూడిద పూసుకున్న మౌనయోగి నిలబడి ఉన్నాడు. వాడి కళ్ళు రెప్ప వెయ్యడం లేదు. ఆ గుడ్లగూబ కళ్ళను ఉత్పలసేనుడు వసంతోత్సవంలో చూశాడు. ఘూకనాథుడు! చెయ్యి కత్తి మీదికి పోయింది. అంతలో విగ్రహం పలికింది.

"కొండ ఊట నాది. పొగడల వీధి ఒజ్జసాని దాన్ని పరదేశులకు పోసింది. ఆమెను మడుగుకు ఇవ్వండి."

జనం సాగిలపడ్డారు. ప్రతి మాట చివర పాట ఎత్తుకోబోతున్నట్టు కాస్త సాగే ఆ గొంతు, పాలు ఎందుకు పొంగుతాయని అడిగిన గొంతు. చెల్లెలి గోళ్ళు అతని అరచేతిలో దిగబడ్డాయి. ఆమె మొహం పాలిపోయింది. దప్పికతో వచ్చిన తనకు నీళ్ళు పోసిన తల్లికి, తన గొంతే చావు విధిస్తుంటే నిలబడి వినవలసి వచ్చింది ఆ పిల్లకు. ఏ శత్రువుకీ అలాంటి క్షణం రాకూడదు.

శ్రవణగిరి రాజు భద్రాయుధుడు నిండా మీసం రాని యువకుడు. రాజు చెవి తమ్మె పట్టుకుంటే గాని శిక్ష అమలు కాదు. అతను బుట్టలోని అవ్వను చూస్తున్నాడు. రాజకుమారులు కూడా ఏదో ఒక వీధి అరుగు మీదే చదవాలన్నది ఆ ఊరి ఆచారం, అతను చదివింది పొగడల వీధిలో. కన్నీళ్ళు కారిపోతున్నాయి, కుడిచెయ్యి మాత్రం మెల్లగా చెవి వైపు లేస్తోంది. దేవత ఆజ్ఞ కదా, ఏం చేస్తాడు?

ఉత్పలసేనుడు కత్తి సగం దూశాడు. వెనకనుంచి చెల్లెలు ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. తల అడ్డంగా ఊపింది. సాగిలపడిన జనాన్ని దాటుకుంటూ, ఒంటరిగా, దేవత ఎదుటికి నడిచింది. నిటారుగా నిలబడి, చెవి వెనక అరచెయ్యి పెట్టింది.

వెండి గంటలు గాలి కోసం ఆగినట్టున్నాయి. ఆ పూసలమ్మే పిల్ల చెయ్యి దిగలేదు.

"ఎందుకు?" అంది విగ్రహం.

జనం తలలెత్తారు. మౌనయోగి ఉలిక్కిపడి విగ్రహం వైపు తిరిగాడు. ముని మాట ఉత్పలసేనుడికి అప్పుడు తెలిసొచ్చింది. ఈసారి మాత్రం అవసరం తీరకముందే అర్థమైంది. ప్రశ్న దాని సొంతదారుకే చెల్లుతుంది! వసంతోత్సవం నుంచి లోపల పేరుకున్న ప్రశ్నలన్నీ, ఆ పిల్ల చెయ్యి చెవి వెనక ఉన్నంతసేపూ, రాతి దేవతలోంచి గలగలా దూకాయి.

"దాహమేసిన వాళ్ళకి నీళ్ళు పోస్తే తప్పెందుకయింది? కొండ ఊట అమ్మదైతే, అమ్మకి దాహమెందుకు తెలియదు? ఇంట్లో దీపాలు ఆర్పేసి గుళ్ళో ఎందుకు వెలిగించాలి? అవ్వని ఎందుకు చంపుతున్నారు? ఎవరైనా చెప్పండి, ఎందుకు?"

బుట్టలోంచి పోలసాని గొంతు స్పష్టంగా వినిపించింది. "అమ్మ ఎదుట ఎవరో అడుగుతున్నారురా అబ్బాయిలూ. జవాబు తెలిసినవాళ్ళు చెప్పండి. తెలియనివాళ్ళు ఏం చెయ్యాలో చిన్నప్పుడే నేర్పాను."

మొదట ఒక నేతగాడు లేచి చెవి వెనక చెయ్యి పెట్టాడు. పక్కన అతని భార్య. కోటవాకిలి ద్వారపాలకుడు. ఇందాక కిటికీ మూసుకున్న ఎదురింటావిడ. చూస్తుండగానే గుడి నిండా అరచేతులే. భద్రాయుధుడి చెయ్యి చెవి తమ్మె దాకా వచ్చి ఆగింది, వెనక్కి జారి, డొప్ప అయింది. ఆ కుర్ర రాజు చేసిన పనుల్లో అంత ధైర్యమైనది అప్పటికి ఇంకోటి లేదు.

"చేతులు దించండి!" అని అరిచాడు మౌనయోగి.

మౌనయోగి అరవడమేమిటి? ఆ గొంతు మాత్రం కీచుగా, చెట్టుతొర్రలోంచి వచ్చినట్టుంది. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాడికిక దాచడానికేమీ మిగల్లేదు. జడలు విదిలించి పిడికెడు భస్మం గాలిలోకి చల్లాడు. నేల పగిలి మంటలు లేచి, జనానికీ విగ్రహానికీ మధ్య గోడ కట్టాయి. గోడకు ఇవతల చిక్కింది ఘూకనాథుడు, వాడికి లొంగిన భటులు కొందరు, కల్హారిక, మంటలు లేచేలోగా ఆమె పక్కకు దూకిన అన్న, తాడుకు వేలాడే అవ్వ.

భటులు కత్తులు దూసి మీదికొచ్చారు. ఉత్పలసేనుడు భుజాన ఉన్న సంచి విప్పి నేల మీదికి బోర్లించాడు. పూసలమ్మే వేషం ఆ పూట అక్కరకొచ్చింది. గాజుపూసలు గలగలమని దొర్లాయి, నున్నని రాతి నేల మీద భటులు ఒకరి మీద ఒకరు వెల్లకిలా పడ్డారు. రాజకుమారుడు వాళ్ళ మీదుగా దూకి, స్తంభం పట్టుకుని, దేవత భుజం మీదికి ఎగబాకాడు. కుడిచెవి లోపల, లోలాకుల చాటున, తెల్లని శంఖం! దానికి కట్టిన పట్టుతాడు చేతికి చుట్టుకుని లాగాడు. ఘూకనాథుడు అటునుంచి శంఖాన్ని ఒడిసిపట్టాడు. ఇద్దరి మధ్యా తాడు బిగిసింది. మాంత్రికుడి పట్టు సడలుతోంది. ఇంకొక్క ఊపు, అంతే.

ఆ సంగతి వాడికీ తెలిసింది. శంఖం వదలకుండానే గిలక వైపు ఉమ్మాడు. ఉమ్మి నిప్పయి తాడుకు అంటుకుంది.

పట్ మని తాడు తెగింది. బుట్ట మడుగులోకి పోవలసిందే. కాని తెగిన కొస అంచు దాటేలోగా రెండు చిన్న చేతులు దాన్ని పట్టుకున్నాయి. కల్హారిక! వీణ తీగలు తప్ప ఏమీ పట్టుకోని చేతులవి. తాడు ఆమెను నేల మీద ఈడ్చుకుపోతోంది. అరచేతులు చీరుకుపోయినా వదలలేదు. ఒక కాలు దూలం మొదటికి తన్నిపెట్టి, అంచు మీదికి సగం వాలిపోయి, అన్న వైపు తల తిప్పింది. పిలవడానికి గొంతు లేదు. ఆ గొంతు అన్న చేతికి చుట్టుకున్న పట్టుతాడు చివర ఉంది.

ఉత్పలసేనుడు చేతికి చుట్టిన తాడు విప్పేశాడు. దేవత భుజం మీంచి ఒక్క దూకున చెల్లెలి పక్కన పడి, కాలే తాడును రెండు చేతులా అందుకున్నాడు. కింద మొసలి ఒకటి గాలిలోకి లేచి, అప్పటికే మడుగు దాకా జారిన బుట్ట అడుగు చీల్చుకుపోయింది. అన్నాచెల్లెళ్ళు పళ్ళ బిగువున లాగారు. లాగగా లాగగా నెరిసిన తల ఒకటి అంచు మీదికి వచ్చింది. "మోకాళ్ళు కాస్త నొక్కుకుపోయాయి, అంతే" అంది పోలసాని. అని, కల్హారిక చేతులు చూసి, చిన్నపిల్లలా ఏడ్చేసింది.

అప్పటికే చూరు తొలుచుకుని ఏనుగంత గుడ్లగూబ దిగింది. ఘూకనాథుడు దాని వీపెక్కి ఎగిరిపోయాడు. వాడితోపాటే భస్మపు మంటలు చప్పబడ్డాయి. జనం వసారాలోకి పరిగెత్తుకొచ్చారు. అందరి కంటే ముందు వచ్చిన భద్రాయుధుడు, కిరీటం తీసి పక్కన పెట్టి, అవ్వ పాదాల దగ్గర నేల మీద కూర్చున్నాడు. పాఠం తప్పిన పిల్లవాడు కూర్చున్నట్టు కూర్చున్నాడు. "రేపు పొద్దున్నే అరుగు మీదికి రా, మొదటినుంచి చెప్పుకుందాం" అని పోలసాని అతని తల మీద చెయ్యి వేసింది.

ఆకాశంలో గుడ్లగూబ చుక్కంత అయింది. ఎక్కడో దూరాన్నుంచి సన్నగా, పాటలా సాగుతూ, ఒక మాట రాలింది.

"ఎందుకు వదిలేశావన్నయ్యా?"

ఉత్పలసేనుడు గిరుక్కున తిరిగాడు. కల్హారిక అతన్నే చూస్తోంది. నెత్తురోడే అరచెయ్యి చెవి వెనక ఉంది. ఆమె కళ్ళలో కోపం లేదు, నింద లేదు. తెలుసుకోవాలన్న ఆ పాత ఆత్రమే ఉంది. చేతికి అందిన గొంతు పోయింది. ఇన్ని కొండలు, ఇన్ని వాగులు దాటి, మారుతాన్ని పోగొట్టుకుని, చివరికి అందినట్టే అంది పోయింది.

"చెప్పాలి నాయనా. ఈ ఊళ్ళో ఏం చేశావన్నది సగమే" అంది పోలసాని మెల్లగా.

అతను చెల్లెలి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఉత్తరీయం చింపి ఒక అరచేతికి కట్టు కడుతూ చెప్పాడు.

"తాడు పట్టుకున్నది నువ్వు కనక. ఆ క్షణాన నీ గొంతు ఉన్నది శంఖంలో కాదు చెల్లాయీ, ఈ చేతుల్లో. వీటిని వదిలేసి అది తెచ్చి ఇస్తే, ఇదెందుకు తెచ్చావని నువ్వే అడిగేదానివి."

కల్హారిక చెవి వెనక ఉన్న చెయ్యి ముందుకు వచ్చి, కుడిచెవి తమ్మెను పట్టుకుంది. విన్నాను. ఉత్పలసేనుడు ఆ చేతిని కళ్ళకద్దుకున్నాడు. ఈసారి మొహం పక్కకు తిప్పుకోలేదు.

పోలసాని ఆకాశంలోకి చూస్తూ నిలబడింది. గుడ్లగూబ పడమటికి పోయినట్టు కళ్ళకు కనిపించింది. "అమ్మాయి అడిగిన మాట మాత్రం ఉత్తరం నుంచి వచ్చింది కదూ?" అంది. ఉత్పలసేనుడికి అప్పుడు తట్టింది. మాంత్రికుడు కళ్ళను మాయ చెయ్యగలడు, వేషాలు మార్చగలడు, శంఖాన్ని ఏ గుహలోనైనా దాచగలడు. కల్హారిక అడిగితే మాత్రం ఆ గొంతు అడగక మానదు. దొంగే దీపం పట్టుకుని తిరుగుతున్నాడన్నమాట.

రాజు తన సొంత గుర్రాన్ని తెప్పించాడు. పొగడల వీధి వాళ్ళు ఊట నీళ్ళు తిత్తుల నిండా నింపి జీనుకు కట్టారు. ఎదురింటావిడ తానే వచ్చి ఒక తిత్తి ఇచ్చి తల వంచుకుంది. పోలసాని దేవత వైపు తిరిగి దండం పెట్టింది. "మా అమ్మ మాట్లాడదు నాయనా, వింటుంది. ఇవాళ బాగా విన్నది" అని, పిల్ల నుదుటి మీద ముద్దు పెట్టి గుర్రం ఎక్కించింది.

ఉత్తరపు కోటవాకిలి దాటితే దారి మూడు కనుమల్లోకి చీలింది. మూడింటి మీదా మంచు, మూడింటిలోనూ గుడ్లగూబల అరుపులు. ఎటు చూసినా ఒకేలా ఉంది. ఉత్పలసేనుడు కళ్ళెం బిగబట్టి నవ్వాడు.

"ఇక చెవులు మూసుకోను చెల్లాయీ. నీకేం తోస్తే అది అడుగుతూ ఉండు."

కట్టు కట్టిన చెయ్యి చెవి వెనక్కి వెళ్ళింది. దూరాన, నడిమి కనుమ అవతలనుంచి, చిలిపిగా వినిపించింది.

"ఎందుకు?"

గుర్రం అటు తిరిగింది.